ఎవరూ తినని ముద్ద

మిట్టమధ్యాహ్నం... పన్నెండు గంటలు!

మలయా దేశంలో, హుటాన్ మెలింటాంగ్ ఊరు దాటి నాలుగు మైళ్ళ లోపల, రబ్బరు తోట కూలీ లైన్ల మీద గాలి స్తంభించిపోయింది. నది వైపు నుంచి నల్లమబ్బు మెల్లగా పాకి వస్తోంది. పట్టపగలు ఎక్కడో గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు...

అసలు అది అర్ధరాత్రి జరగవలసిన తంతు. కానీ అవి ఎమర్జెన్సీ రోజులు. మలయా స్వతంత్రానికి ఇంకా ఏడాది ఉంది. అడవిలో కమ్యూనిస్టులు, లైన్ల చుట్టూ ముళ్ళకంచె, చీకటి పడితే కర్ఫ్యూ. గడప దాటినవాణ్ణి తుపాకి పలకరిస్తుంది. అందుకే కూలీల మేస్త్రి, కంగాణి కూర్మయ్య భూతాన్ని పట్టపగలే పిలవడానికి సిద్ధపడ్డాడు.

రేకుల షెడ్డులో గుంజకు కట్టేసి ఉన్న నరసమ్మ తన ఎదురుగా పేర్చిన వస్తువులను చూస్తోంది. కుండెడు అన్నం. ఎర్రగుడ్డ కప్పిన రబ్బరుపాల బకెట్. దాని పక్కన పటకారు.

ఆ పటకారు తన పళ్ళ కోసమేనని ఆమెకు తెలుసు. చిల్లంగి పెట్టేదాని ముందుపళ్ళు పీకేస్తే మంత్రం నోరు తిరగదని శ్రీకాకుళం వైపు ఒక నమ్మకం. తాతలు ఓడెక్కినప్పుడు అది కూడా మూటలో కట్టుకొచ్చారు.

నరసమ్మ ఆ లైన్లకు మంత్రసాని. నూకాలమ్మ ఘటాన్ని ఇంట్లో నిలుపుకున్న మనిషి. ఇప్పుడు షెడ్డు చుట్టూ మూగిన పిల్లల్లో సగంమంది బొడ్డు కోసింది ఆమే. ఆ పిల్లల తల్లులు ఈరోజు ఆమె ముఖం చూడడం లేదు.

అంతా మూడు నెలల కిందట మొదలైంది. కమ్యూనిస్టులకు తిండి అందకూడదని సర్కారు బియ్యం బస్తాలన్నీ తోట వంటశాలలో పెట్టి తాళం వేసింది. వండిన అన్నమే మనిషికింతని కొలిచి పోస్తారు. ఒక్క మెతుకు గేటు దాటడానికి లేదు. ఆ నెలలోనే ఆమె కూతురు రామలక్ష్మికి ఆకలి పట్టుకుంది. తన వంతు తింటుంది, తల్లి వంతు తింటుంది, పక్కింటి పళ్ళెం లాక్కుని తింటుంది... అయినా పదిహేడేళ్ళ పిల్ల పుల్లలా ఎండిపోతోంది!

కన్నకూతుర్ని తల్లే చిల్లంగి పెట్టి పీక్కుతింటోందని కూర్మయ్య ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ఘటం, పసరు, కానుపు మంత్రం అన్నీ ఆ విద్యలో భాగమేనన్నాడు. దెయ్యాన్ని వదిలించాలంటే తలా ఒక పిడికెడు అన్నం తేవాలన్నాడు. ఆకలి కడుపులతోనే అందరూ తెచ్చి పోశారు. కుండ నిండింది.

నరసమ్మ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రాత్రులు రామలక్ష్మి గొంతులోంచి ఒక మగగొంతు పలుకుతోంది. "నర్సీ... కూడెట్టవే..."

ఆమెను నర్సీ అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కడే. ఆమె మొగుడు పైడిరాజు. జపానువాళ్ళ కాలంలో సయాం దేశంలో రైలుపట్టాలు వేసే పనికి కూర్మయ్య తోలుకుపోయిన నలభైమందిలో ఒకడు. యుద్ధం ముగిశాక కూర్మయ్య ఒక్కడే తిరిగొచ్చాడు, చేతిలో ఒక రేకు పెట్టెతో. మిగతావాళ్ళు కలరాతో పోయారన్నాడు.

ఉరుము ఉరిమింది...

కూర్మయ్య గొంతెత్తి మంత్రం అందుకున్నాడు. చాప మీద పడి ఉన్న రామలక్ష్మి విల్లులా వంగి కెవ్వుమంది. అతను బకెట్ మీది ఎర్రగుడ్డ లాగాడు. లోపల పుర్రె! గేటు కాపలావాళ్ళు బయటికి పోయే బకెట్లనే వెతుకుతారు, లోపలికి వచ్చేవాటిని కాదు.

జనం వెనక్కి తగ్గారు. నరసమ్మ మాత్రం ముందుకు వంగింది. పుర్రె ముందుపన్ను ఒకటి సగానికి విరిగి ఉంది. కొబ్బరికాయ పీచు పళ్ళతో లాగబోయి పెళ్ళయిన ఏడాది పైడిరాజు విరగ్గొట్టుకున్న పన్ను... అదే వాలు, అదే విరుపు!

ఆనాటి రేకు పెట్టెలో కూర్మయ్య తెచ్చింది దీన్నే. దాంతో అంతా అర్థమైంది. కూర్మయ్యకు ఎదురు తిరిగిన ప్రతివాడూ ఈ పదకొండేళ్ళలో ఎందుకు చిక్కిశల్యమై పోయాడో అర్థమైంది. ప్రతి అమావాస్యకూ కంచె అవతల ఈ పుర్రె ముందు ముద్ద పెట్టి, ఆకలితో చచ్చినవాణ్ణి ఆ ముద్ద ఆశ చూపి కట్టేసి, గిట్టనివాళ్ళ మీదికి ఉసిగొల్పాడు. మూడు అమావాస్యలుగా బియ్యం గేటు దాటలేదు. కట్టు తెగింది. ఆకలేసిన మనిషి ఎక్కడికి పోతాడు? ఇంటికి!

తెగిన కట్టు మళ్ళీ వేయడానికే కుండ నింపించిన కూర్మయ్య పటకారు అందుకున్నాడు.

"పీకించుకుంటాను" అంది నరసమ్మ. ఆమె కూర్మయ్యను చూడలేదు. లైన్ల పెద్ద అచ్చయ్యను చూసింది. "అచ్చయ్య మావా, ముందు ఒక్క మాట. అమ్మని కొలవడం ఒకటి. పసరు పోసి కానుపు సెయ్యడం ఒకటి. సిల్లంగి ఒకటి. మూడూ ఒకటేనని కంగాణి సెప్పినాడు, మీరు నమ్మినారు. అమ్మకెట్టింది మనం పంచుకుని తింటాం. నా పసరు ముందు నేను తాగి, అప్పుడు నీ కోడలికి పోసినాను. సిల్లంగికెట్టిన కూడు మాత్తరం ఎట్టినోడే తినలేడు. ఆ కుండలో అన్నం మనందరిదీ కదా? ఒక్క ముద్ద తినమను."

అచ్చయ్య గడ్డం గోక్కున్నాడు. బలి అన్నం తినకూడదని, తింటే తంతు చెడుతుందని కూర్మయ్య గబగబా చెప్పబోయాడు. కానీ జనం చూపులన్నీ కుండ మీదే ఉన్నాయి. మూడు నెలల ఆకలి చూపులు అవి.

"తిను మరి, కంగాణీ" అంది వెనకనుంచి బంగారమ్మ. "రెండు రేషన్లు తినే కడుపే కదా నీది. మా ఇంటి పిడికెడు సేదెక్కిందేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అచ్చయ్య నవ్వలేదు. "తిను" అన్నాడు.

కూర్మయ్య పిడికెడు అన్నం తీశాడు. నోట్లో వేసుకున్నట్టు చేసి ఉమ్మేద్దామనుకున్నాడు. మెతుకులు నాలుక మీద పడ్డాయి...

రామలక్ష్మి కేక టక్కున ఆగిపోయింది.

కూర్మయ్య ఉమ్మలేదు. మింగాడు. అతని చెయ్యి మళ్ళీ కుండలోకి పోయింది. కళ్ళు భయంతో వెలుపలికి పొడుచుకొస్తున్నాయి, తల వద్దు వద్దని ఊగుతోంది... చెయ్యి మాత్రం ఆగడం లేదు! ముద్ద... మరో ముద్ద... నలుగురు మగవాళ్ళు రెక్కలు పట్టి లాగినా కుండనుంచి అతన్ని తప్పించలేకపోయారు. పిడుగు పడింది. షెడ్డు రేకులు దడదడలాడాయి.

ఆ వెలుగులో అందరూ చూశారు. తిన్నకొద్దీ అతను చిక్కిపోతున్నాడు! నిగనిగలాడే బుగ్గలు గుంటలు పడ్డాయి. చొక్కా వదులై భుజాలమీంచి జారింది. పక్కటెముకలు ఒక్కొక్కటే పైకి లేచాయి. సయాంలో పట్టాల పక్కన కూలిన నలభైమంది ఆకలీ అతని ఒక్క కడుపులో కూర్చుంది.

కుండ ఖాళీ అయింది. అతను అడుగు గీకాడు. మట్టి గోకి నోట్లో పెట్టుకున్నాడు. "ఆకలి" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ పిడికిలి మళ్ళీ తెరుచుకోలేదు.

వాన విరుచుకుపడింది.

తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సర్ మణియం వచ్చి శవాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. తిండి లేక చనిపోయాడని కాగితం మీద రాశాడు. రెండు రేషన్లు తీసుకునే కంగాణికి తిండి లేకపోవడమేమిటని దొర అతన్ని కేకలేశాడట. మణియం ఆ కాగితం మార్చలేదు.

సాయంత్రం కర్ఫ్యూ కూత పడకముందే నరసమ్మ వంటశాలనుంచి తన వంతు అన్నం తెచ్చుకుంది. దారిలో బంగారమ్మ ఎదురై తన పళ్ళెంలోంచి కొంత తీసి ఆమె పళ్ళెంలో వేసి వెళ్ళిపోయింది.

ఇంట్లో నూకాలమ్మ ఘటం పక్కన పుర్రెను కడిగి పెట్టింది. తొలిముద్ద దాని ముందు ఉంచింది. "ఇంటికొచ్చినావు కదా" అంది. "ఇంక తిను."

చాలాసేపు కూర్చుంది. దీపం నిలకడగా వెలిగింది. బయట గుడ్లగూబ కూయలేదు.

అప్పుడు నరసమ్మ ఆ ముద్దనే తిరిగి చేతిలోకి తీసుకుంది. సగం తను తింది. చేదు లేదు. మిగతా సగం కూతురి నోటికి అందించింది. రామలక్ష్మి నెమ్మదిగా నమిలి మింగింది. తల్లి రెండో ముద్ద కలిపి చెయ్యి చాచింది.

పిల్ల ఆ చేతిని మెల్లగా పక్కకు తోసింది. మూడు నెలలుగా ఆ నోట రాని మాట వచ్చింది.

"సాలమ్మా."