పాత కంపైలర్ మీద చెయ్యి

“మొన్న ఈ పని మీద వెళ్ళినవాడు బోరబండ స్టేషన్ దగ్గర పట్టాల మీద దొరికాడయ్యా,” అన్నాడు చీఫ్ బసవపున్నయ్య. “ఇప్పుడు నువ్వు.”

ఏజెంట్ రవిచంద్ర కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో. షూటింగ్ ఫ్లోర్ మూలన గ్రాఫిక్స్ సర్వర్. డిపార్ట్‌మెంట్ రహస్య సందేశాలు దాని గుండానే విదేశాలకు వెళ్తాయి. ఆ సర్వర్ మిషన్‌లో ప్రతి ప్రోగ్రామ్‌నూ సోర్స్ కోడ్ నుంచి అక్కడికక్కడే తయారు చేసుకోవాలి. తయారు చేసేది కంపైలర్. పాత కంపైలర్‌లో ఒక లోపం ఉంది. ఆ సందులోంచి శత్రువులు అన్నీ వింటున్నారు.

“రేపు మధ్యాహ్నం పన్నెండుకి అక్కడున్న మీ తమ్ముడు అనంత్‌కి మెసేజ్ వెళ్తుంది, ఇల్లు వదిలి పారిపొమ్మని. శత్రువులు విన్నా అతను దక్కడు, అది వెళ్ళకపోయినా దక్కడు. కొత్త కంపైలర్ పెట్టు. మిషన్‌ని దానికి మార్చు. మెసేజ్ ప్రోగ్రామ్‌ని దాంతో మళ్ళీ కట్టు. నడిపి చూడు. అప్పటిదాకా పాతదాన్ని ముట్టుకోకు. మధ్యలో అది పోయిందా, ఇక ఏదీ కట్టలేం.”

“అక్కడ మనవాళ్ళెవరు సార్?”

“పద్మప్రియ.”

మర్నాడు పొద్దున ఏడింటికి టెక్నీషియన్ వేషంలో సర్వర్ ముందు కూర్చున్నాడు రవిచంద్ర. అవతల సెట్లో పెళ్ళి సీను తీస్తున్నారు. కొత్త కంపైలర్ తనను తాను మూడు విడతలుగా కట్టుకుంటోంది. తలుపు చప్పుడైన ప్రతిసారీ అతను తల తిప్పి చూస్తున్నాడు.

పదకొండూ యాభైకి సెంటు వాసన వచ్చింది. పట్టుచీరలో కాస్ట్యూమ్ డిజైనర్.

“మేకప్ చెదిరిందా?” అడిగాడు రవిచంద్ర.

“అద్దం ఇంట్లో మర్చిపోయాను.” గుర్తుమాట సరిపోయింది. పద్మప్రియే.

“కొత్తది కూర్చుందా?”

“కూర్చుంది.”

“మరి పాతది ఇంకా ఎందుకండీ? తీసేయండి.”

రవిచంద్ర కీబోర్డు మీంచి చేతులు తీశాడు. మిషన్‌ని మార్చావా అని అడగకుండా, పని తెలిసిన మనిషి ఎవరూ ఆ మాట అనరు.

ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్ ఉంది.

“వద్దండీ, మీకు దణ్ణం పెడతాను,” అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. “ఇంకా మార్చలేదు. ఇప్పుడు తీస్తే మిషన్ చచ్చిపోతుంది.”

“చావనీ బాబూ!” నవ్వుతూ తనే కీ నొక్కింది.

పాత కంపైలర్ పోయింది.

అతను చెప్పింది అబద్ధం. మిషన్‌ని మార్చడం, ప్రోగ్రామ్‌ని మళ్ళీ కట్టడం ఆమె రాకముందే అయిపోయాయి. నడిపి చూడటమొక్కటే మిగిలింది. ఆ ప్రోగ్రామ్ ఇంకా పాతదాని లైబ్రరీ ఫైళ్ళ మీదే ఆధారపడి ఉంటే తమ్ముడి చావు తన అబద్ధంతోనే.

పన్నెండు. స్క్రీన్ నల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు...

‘అందింది. బయల్దేరాను. అనంత్.’

పద్మప్రియ నవ్వు ఆరిపోయింది. పిస్టల్ అతని నుదుటికి లేచింది.

రవిచంద్ర ప్రాణభయంతో గొంతు చించుకున్నాడు. “ప్యాక్ అప్!”

షూటింగ్ ముగిసిందనే ఆ మాట ఎవరన్నారని లైట్‌మెన్ అడగరు. చెయ్యి స్విచ్ మీదికి దానంతటదే పోతుంది. కిటికీల్లేని ఫ్లోర్ చీకటైపోయింది. పిస్టల్ పేలింది. రవిచంద్ర నేలకు కరుచుకున్నాడు. కేబుళ్ళు చుట్టడానికి పాతికమంది ఒక్కసారిగా పరిగెత్తుకొచ్చారు. హైహీల్స్ ఏదో కేబుల్‌కి తట్టుకుని దభీమని పడిన చప్పుడు.

లైట్లు వెలిగేసరికి రవిచంద్ర ఆమె చేతులకు కేబుల్ చుట్టేశాడు. పిస్టల్ లైట్‌మన్ హనుమంతు కాలి కింద ఉంది.

“ఏంది సార్ గిది? షాటు నడుస్తుంటె ప్యాక్ అప్ అంటవా? డైరెక్టర్ సార్ నిన్ను సంపుతడు!”

రవిచంద్ర కేబుల్ ముడి ఇంకోసారి బిగించాడు.

“ఆయన్ని కూడా వరసలో నిలబడమను.”