నాన్న అడగమన్నవి

లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రమే అశ్వినికి, ఎన్నడూ చూడని ఒక మనిషి మీద ఒళ్ళు మండింది.

కోదాడలో వాళ్ళ ఇంటి ముందు గదే నాన్న కొండల్ షాపు. టీవీలు, మిక్సీలు బాగుచేస్తాడు. అశ్విని అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటుంది. హామ్ రేడియో పిచ్చి ఆమెకు అక్కడే అంటుకుంది. ఫోనూ నెట్టూ లేకుండా గాలిలోంచి మాట పంపే సరదా అది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే మైకు పట్టాలి. ఒకరు మాట్లాడి 'ఓవర్' అన్నాకే ఇంకొకరు అందుకోవాలి.

సూర్యాపేటలో జవహర్ అనే పెద్దాయన ఉన్నాడు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మేడ మీద పొడవాటి పోల్‌కు కట్టిన యాంటెన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ మాటలను అందుకుని మళ్ళీ అందరికీ వినిపిస్తుంది. రోజూ దీపాలు పెట్టే వేళకు ఆయన పిలుస్తాడు, ఒక్కొక్కరూ పలుకుతారు.

ఆ రోజు అశ్విని మైకు పట్టుకుని కూర్చుంది. కానీ సందు దొరికితేగా! మిర్యాలగూడ నుంచి ఒకతను అదేపనిగా మాట్లాడుతూనే ఉన్నాడు. త్రిపురారం కాల్వ గట్టు మీద కొంగను ఫొటో తీయడానికి తను ఎట్లా పాకిందీ, ఏ లెన్సు పెట్టిందీ, వెలుతురు ఎటునుంచి వచ్చిందీ...

అతను ఊపిరి తీసుకున్న క్షణంలో అశ్విని బటన్ నొక్కింది.

"బ్రేక్! కోదాడ నుంచి అశ్విని. ఆ కొంగ ఎగిరిపోయిందాండీ, ఇంకా ఉందా? పోతే మేమూ కాస్త మాట్లాడుకుంటాం. ఓవర్."

వెంటనే అతని గొంతు వచ్చింది.

"పోయింది మేడం. మీ గొంతు ఇని నా కొంగ ఒక్కటేంది, గట్టు మీదియన్నీ లేసి పోయినయ్. ఓవర్."

షాపులో టీవీ విప్పుతున్న కొండల్ పగలబడి నవ్వాడు. "ఎవడమ్మా ఈడు? మాటకు మాట అంటిస్తున్నడు!"

అతని పేరు మహిపాల్. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. అమ్మ త్రిపురారంలో గొర్రెలు కాచుకుంటూ పొలం చూసుకుంటుంది. మహిపాల్ ఆదివారమైతే చాలు, మెడలో కెమెరా వేసుకుని పాత ఆల్టోలో పెద్దవూర గుట్టలకో, సాగర్ వైపో పోతాడు. ఇవన్నీ వానలు మొదలయ్యేలోపు అశ్వినికి తెలిసిపోయాయి.

రోజూ కీచులాటే. అతను తీసిన ఫొటోలు వాళ్ళందరి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆమె వంక పెడుతుంది.

"లకుముకి పిట్ట బాగుంది గానీ, దాని ముక్కు ఫ్రేములో లేదు. కరెంటు బిల్లు కట్టలేదా అది, సగం కట్ చేశారు? ఓవర్."

"పిట్ట జర సిగ్గుపడ్డది మేడం. మీరు సూస్తరని చెప్పిన, అందుకే. ఓవర్."

జవహర్ గారు దగ్గేవారు. "పిల్లలూ, ఇంకా పలకాల్సినవాళ్ళు ఉన్నారు."

ఇంతలో కొండల్‌కు ఒక కోరిక మేలుకుంది. డ్రైవింగ్ ఎప్పుడో నేర్చుకున్నాడు గానీ కారే లేదు. పెళ్ళైనప్పటి నుంచీ భార్య నర్సమ్మను స్కూటరు వెనక కూర్చోబెట్టుకునే తిప్పాడు. ఇప్పుడొక సెకండ్ హ్యాండ్ కారు కొనాలని ఉంది, మోసపోతానేమోనని భయమూ ఉంది.

"అశ్వినీ, అడుగమ్మా! పాత కారు కొనేటప్పుడు ఇంజన్ మంచిదా కాదా ఎట్ల తెలుస్తది?" అని గుసగుసలాడాడు.

"నువ్వే అడుగు నాన్నా."

"నాకు లైసెన్సు ఏడిదే? మైకు పట్టొద్దు గదా!"

అశ్విని అడిగింది. అవతల మహిపాల్ గొంతు ఒక్కసారిగా వెలిగింది.

"బండి స్టార్ట్ జేసి, ఇంజన్ ఆయిల్ మూత తీసి సూడున్రి. గాడికెల్లి పొగ బుసబుస కొట్టిందనుకో, ఇగ ఆ బండి దిక్కు మళ్ళ సూడొద్దు. అశ్విని గారూ, మా దోస్తులు గూడ గింత కరెక్ట్‌గ అడగరు. కార్ల మీద గిట్ల ఇంట్రెస్ట్ ఉన్న అమ్మాయిని నేనెన్నడు సూడలే. ఓవర్."

అడిగింది మా నాన్న అని చెబుదామని అశ్విని బటన్ మీద వేలు పెట్టింది. కానీ ఆ మెప్పు చెవికి ఎంత బాగుందంటే, వేలు దానంతటదే వెనక్కి వచ్చేసింది.

రేపు చెబుదామనుకుంది. మర్నాడు కొండల్ క్లచ్ గురించి అడగమన్నాడు. ఆ మర్నాడు టైర్ల గురించి. మహిపాల్ తెలియనివి చదివి మరీ వచ్చి చెప్పేవాడు. ఇక చెప్పడం కష్టమైపోయింది.

"మీ తండ్రీబిడ్డలు కలిసి ఆ పిలగానికి పరీక్ష పెడుతున్రు," అనేది నర్సమ్మ, పప్పు తిరగమోత వేస్తూ.

ఒక సాయంత్రం వాన కుండపోతగా కురుస్తుంటే అతని గొంతు నీరసంగా వచ్చింది. మిల్లులో మోటారు కాలిందట, పొద్దున్నించీ దాని దగ్గరే ఉన్నాడట. అశ్విని ఏమీ ఆలోచించకుండా బటన్ నొక్కింది.

"అన్నం తిన్నారా? ఓవర్."

అటునుంచి మెల్లగా, "ఇంక లేదు. ఇప్పుడు తింట. ఓవర్," అని వచ్చింది.

ఆ రాత్రి గాలివానకు జవహర్ గారి మేడ మీది పోల్ విరిగి పడింది.

సాయంత్రాలు మూగబోయాయి. అశ్విని సెట్టు ఆన్ చేసి ఉత్త సరసర శబ్దం వింటూ కూర్చునేది. అతని నంబరు గ్రూపులో ఉండనే ఉంది. అయినా అతను ఒక్కనాడూ విడిగా ఫోన్ చేయలేదు. తనూ చేయలేకపోయింది. అందరూ వింటుండగా అంత ధైర్యంగా మాట్లాడే తను, ఎవరూ వినని ఫోనుకు ఎందుకు భయపడుతోందో ఆమెకే అర్థం కాలేదు.

ఆదివారం కొత్త పోల్ నిలబెట్టడానికి అందరూ రావాలని జవహర్ గారు కబురు పెట్టారు. అశ్వినితో పాటు కొండల్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని సూర్యాపేట బస్సెక్కాడు.

మేడ మెట్ల మీద ఉండగానే ఆ గొంతు వినపడింది. "జర ఎడమకు, ఇంక జర..." పైకి వెళ్ళి చూస్తే బక్కపలుచని మనిషి, వానకు తడిసిన కళ్ళద్దాలు, రెండు చేతులా పోల్ పట్టుకుని ఉన్నాడు.

"నమస్తే అండీ. నేను అశ్విని."

అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. రేడియోలో ఆపినా ఆగని మనిషి నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

"ఏంటి, ఓవర్ అనాలా?" అంది అశ్విని.

అతను నవ్వాడు. చేయి సడలి పోల్ పక్కకు వాలింది. జవహర్ గారు కేకలేశారు.

చాయ్ తాగే వేళకు కొండల్ అతన్ని కిందికి లాక్కెళ్ళి ఆల్టో బానెట్ ఎత్తించాడు. వెనకే వచ్చిన అశ్వినికి నాన్న మాటలు వినపడ్డాయి.

"నువ్వు చెప్పిన పొగ సంగతి మస్తు పనికొచ్చింది బాబూ, ఒక బండి కొనక తప్పించుకున్న. క్లచ్ గురించి నేను అడిగిస్తే చెప్పినవ్ గదా, అది గూడ..."

"మీరు అడిగించిన్రా?"

"మరి! మా పిల్లకు కార్లంటే తలనొప్పి. అడిగేటోన్ని నేను, పలికేది ఆమె."

మహిపాల్ మొహం పాలిపోయింది. బానెట్ మెల్లగా దించాడు. అశ్విని దగ్గరికి వచ్చేసరికి ఆ కళ్ళలో నవ్వు లేదు.

"కార్లయి మీ నాన్నయి. మంచిదే. మరి అన్నం తిన్నరా అని అడిగింది? అది గూడ ఎవరన్నా పక్కపొంటి కూసొని చెప్పిన్రా?"

అశ్విని ఏదో అనబోయేలోపు పైనుంచి తాడు లాగమని పిలిచారు. పోల్ నిలబడగానే అతను మిల్లులో పనుందని అందరికంటే ముందు వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మళ్ళీ సాయంత్రాలు పలికాయి. మహిపాల్ మాత్రం, "అంతా మంచిగుంది సార్. ఓవర్," అని ఊరుకునేవాడు. పిట్టలు లేవు, లెన్సులు లేవు.

"ఏందమ్మా, ఆ పిలగాడు మాటలు గింత పొదుపు జేస్తున్నడు?" అన్నాడు కొండల్. అశ్విని జరిగింది చెప్పింది. కొండల్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు. "అయ్యో, నా నోరు పాడుగాను! తప్పంత నాది."

"తప్పు ఎవరిదైతేంది," అంది నర్సమ్మ. "నువ్వు జెప్తే మళ్ళ నీ మాటే అయితది. దానికి లేదా నోరు?"

ఆ సాయంత్రం మహిపాల్ తన ఒక్క ముక్కా చెప్పి ఓవర్ అనగానే అశ్విని బటన్ నొక్కింది.

"బ్రేక్. మహిపాల్ గారూ, కార్ల గురించి అడిగినవన్నీ మా నాన్నవే. క్లచ్ ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. మీరు మెచ్చుకుంటే బాగుండి, చెప్పకుండా ఉండిపోయా. సారీ. మిగతావన్నీ నావే. పిట్ట ముక్కు గురించి కొట్లాడింది నేనే. అన్నం తిన్నారా అన్నదీ నేనే. తినలేదంటే నాకు ఆ రోజు ముద్ద దిగలేదు. ఇది కూడా నేనే చెబుతున్నా. ఓవర్."

జవహర్ గారు ఈసారి దగ్గలేదు.

"ఇన్న," అన్నాడు మహిపాల్ చివరికి. గొంతు సవరించుకున్నాడు. "కోపంల గూడ ఒక పని జేసిన. మీ నాన్నకు గిక్కడ ఒక కారు సూసి పెట్టిన. పొగ లేదు, క్లచ్ మంచిగుంది. ఆదివారం మీ అమ్మను గూడ తీస్కొని రాండ్రి. ఓవర్."

కొండల్ అప్పటికే లేచి నిలబడ్డాడు, ఆదివారం రేపే అన్నట్టు.

ఆ ఆదివారం మిర్యాలగూడలో మహిపాల్ చూపించింది తెల్ల కారు. కొండల్ చుట్టూ తిరిగి చూసి, స్టీరింగ్ పట్టుకుని, భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మహిపాల్, అశ్విని వెనక కూర్చున్నారు. నడిపి చూద్దామని త్రిపురారం దారి పట్టారు. కాల్వ నిండుగా పారుతోంది, సన్నగా జల్లు పడుతోంది.

ఊరి దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. కొండల్ హారన్ కొట్టాడు.

"ఏయ్, గొర్రెలకు చెవుడు లేదు, జర ఆగు!" అని గదమాయించింది మంద వెనకున్న ఆమె.

"మా అమ్మ," అన్నాడు మహిపాల్ మెల్లగా.

నాంచారమ్మ కొంగుతో తల తుడుచుకుంటూ వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. "రేడియోల మా వానితోని కొట్లాడేది నువ్వేనా బిడ్డా? ఓ వారం సంది ఈడు సరిగ్గ తింటలేడు. ఏమన్నవే?"

అశ్విని సిగ్గుతో కారు దిగిపోయింది. పెద్దవాళ్ళు ముగ్గురూ గొర్రెల గురించీ వానల గురించీ మాటల్లో పడ్డారు. మహిపాల్ కాల్వ గట్టు మీదికి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"ఇక్కడ మనల్ని ఎవరూ వినట్లేదు," అంది.

"అందుకే గుండె దడదడ అంటున్నది." కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "అశ్వినీ, నన్ను పెండ్లి జేసుకుంటవా?"

జల్లు ఆమె కనురెప్పల మీద పడుతోంది. తుడుచుకోలేదు.

"చేసుకుంటా."

అతను ఇంకా ఏదో వస్తుందన్నట్టు చూస్తున్నాడు.

"చేసుకుంటా అన్నాగా! ఇంకేం చెప్పాలి?"

"ఏం లేదు. ఇంకొక్కసారి ఇందామని."

గట్టు దిగి వచ్చి అశ్వినే చెప్పింది. కొండల్ భార్య వైపు చూశాడు.

"నన్నేం జూస్తవ్?" అంది నర్సమ్మ. "ఇన్నొద్దులు ఆ గొంతు ఇనుకుంటనే వంట జేసిన. మంచి పిలగాడు."

నాంచారమ్మ అశ్విని గడ్డం పట్టుకుని చూసి, "ఇంటికొచ్చి బువ్వ తిని పోవాలె, ఊకె పోనియ్య," అంది. మందను పక్కింటి ముసలాయనకు అప్పజెప్పి, కారులో నర్సమ్మను వెనక సీటుకు పిలిచి, పక్కనే కూర్చుంది. ఇద్దరూ అప్పుడే ముహూర్తం దాకా వెళ్ళిపోయారు.

ముందు సీటు ఖాళీగానే ఉంది, వెనకా ఇంకొకరికి చోటుంది. అయినా మహిపాల్, అశ్విని ఎక్కలేదు. నడిచి వస్తామన్నారు. కొండల్ అద్దంలో వాళ్ళను ఒకసారి చూసి, కారు కదిలించాడు. ఊళ్ళోకి పోయేదాకా ఆయన ఎంత నిదానంగా నడిపాడంటే, వాన చినుకుల్లో కబుర్లాడుకుంటూ వస్తున్న వాళ్ళిద్దరూ ఎక్కడా వెనకబడలేదు.