రెండంగుళాల గడి

"ఇది ఎలా కలుస్తుందే? నువ్వే చెప్పు, ఎలా కలుస్తుంది?"

అమ్మ గుడ్డముక్కలతో కుట్టిన రెండు నక్షత్రాల బ్లాకుల్ని తూనీగ ముందు పరిచింది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరూ ఆ పిల్లని తూనీగ అనే పిలుస్తారు. మొన్న కుట్టిన బ్లాకు పదహారు అంగుళాలు. ఇవాళ పొద్దుటి నుంచి అమ్మ నడుం విరిగేలా కుట్టింది పదిహేనే. రెండూ పక్కపక్కన పెడితే నక్షత్రాల మొనలు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

ఎల్లుండి అక్క హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఈ నక్షత్రాలన్నీ కలిపి కుట్టే క్విల్టు బొంత అక్క మంచం మీదికి. పన్నెండు నక్షత్రాల్లో పది అయ్యాయి. ఇంకా రెండు కావాలి.

అమ్మ కాగితం మీది గీతల వెంట గుడ్డముక్కలు కుట్టి, చివర్లో ఆ కాగితాన్ని చింపేస్తుంది. అందుకే ప్రతి నక్షత్రానికీ కొత్త కాపీ కావాలి. నమూనా షీటేమో టీపాయ్ అంత ఉంటుంది. కాపీ సైజు సరిచూసుకోడానికి దాని నాలుగు మూలలా ఒక్కో గడి గీసి ఉంటుంది. దాన్ని ఒకే కాగితం మీద తీయిస్తే బోలెడు ఖర్చు. కాబట్టి మామూలు కాగితాల మీద నాలుగు భాగాలుగా తీయించి, టేపుతో అతికిస్తుంది. ఎప్పుడూ తనే వెళ్లేది. నిన్న ఖాళీ లేక తూనీగని పంపింది.

"మొదటి కాపీ రాగానే మూలనున్న గడి కొలవమన్నానా? సరిగ్గా రెండంగుళాలు ఉండాలన్నానా?"

"చూశానమ్మా. రెండంగుళాల్లాగే ఉంది."

"చూడమన్నానా, కొలవమన్నానా?"

తూనీగ తల దించుకుంది. స్కేలు బ్యాగులోనే ఉంది. బయట స్నేహితురాలు సైకిలు బెల్లు కొడుతుంటే తీసే ఓపిక ఎవరికుంది? అంచులు తెగుతున్నాయని షాపాయన కాపీలు కాస్త చిన్నవి చేశాడు. ఆయన చెప్పలేదు, ఈ మహాతల్లి అడగలేదు.

గుమ్మంలో నిలబడ్డ అక్క అంది. "పోనీలే అమ్మా. పాత దుప్పటి పట్టుకెళ్తాను."

తూనీగ అమ్మ కోపాన్ని ఎలాగో భరించింది కానీ, ఆ మాటకి ఏడుపొచ్చేసింది.

"నేను మళ్లీ వెళ్లొస్తా."

"ఆ! వెళ్లి మళ్లీ ఇవే పట్టుకురా!" అని విసుక్కుంటూనే అమ్మ షీటు చేతికిచ్చింది.

షాపులో మొదటి కాపీ వచ్చింది. తూనీగ స్కేలు పెట్టింది. రెండు గీతలు తక్కువ.

"అంకుల్, ఇది చిన్నదైంది. అసలు సైజులోనే కావాలి."

"ఆ మాత్రం తేడాకేనా? అంచు తెగుతుందమ్మా!"

"షీటు కొంచెం జరపండి అంకుల్. తెగదు."

ఆయన నిట్టూర్చి జరిపాడు. ఈసారి గడి సరిగ్గా రెండంగుళాలు. రెండో కాగితానికీ స్కేలు పెట్టింది. మూడోదానికీ పెట్టింది. వెనక నిలబడ్డాయన గడియారం చూసుకున్నాడు. బయట సైకిలు బెల్లు మోగింది.

"ఆగవే, కొలుస్తున్నా!" అని తూనీగ లోపల్నుంచే అరిచింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ స్కేలు పట్టుకుని సిద్ధంగా ఉంది. తూనీగ ఎనిమిది కాగితాలూ బల్లమీద పరిచింది. ప్రతి గడి పక్కనా పెన్సిల్‌తో చిన్న టిక్కు ఉంది.

అమ్మ ఒకసారి టిక్కుల్ని చూసింది, ఒకసారి తూనీగని చూసింది. స్కేలు పక్కన పెట్టేసి, "టేపు ఇలా ఇవ్వు" అంది.