చదవకుండా మెచ్చిన పుస్తకం

మధ్యాహ్నం మూడింటికి ఆ మెట్లెక్కి వచ్చినావిడ, కుర్చీలో కూర్చోకముందే చేతిసంచిలోంచి రెండు ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టింది. డిటెక్టివ్ వాటిని వెంటనే ముట్టుకోలేదు. ముప్పై ఏళ్లుగా పరాయివాళ్ల ఉత్తరాలు చదివి చదివి ఆయనకు విసుగు పుట్టింది. పైగా మోకాళ్ల నొప్పి. ఈ పూటకి ఎవరూ రాకుండా ఉంటే బాగుండునని అప్పుడే అనుకున్నాడు కూడా.

"రేపు పదింటికి సంతకం పెట్టాలండీ. పెట్టనా, వద్దా? అదొక్కటీ చెప్పండి చాలు," అందామె.

ఆమె రిటైరైన నర్సు. ముప్పై నాలుగేళ్లు కాన్పుల వార్డులో పనిచేసి, చూసిన పురుళ్లన్నీ నోటు పుస్తకాల్లో రాసుకుంది. వాటిని ఒక ప్రచురణ సంస్థకు పంపితే వారం తిరక్కుండా జవాబొచ్చింది. అసిస్టెంటు ఆ జవాబు పైకి చదివింది. డిటెక్టివ్ ఏం చేసినా అబ్బురపడే అమ్మాయి ఆమె. ఆయన ఊరికే ఆవులించినా అందులో ఏదో అర్థముందనుకుంటుంది.

"మీ రచన ఆసాంతం చదివాం. ఇంత గొప్ప పుస్తకం మా సంస్థకు ఇంతవరకూ రాలేదు. ముఖ్యంగా ముగింపు మా చేత కంటతడి పెట్టించింది."

అచ్చు ఖర్చులో రచయిత భరించాల్సిన వాటా ఎంతో కింద రాసి ఉంది. ఆమె రిటైర్మెంటు డబ్బంతా పోసినా బొటాబొటి.

రెండో ఉత్తరం నిన్న వచ్చింది. కంప్యూటర్లో కొట్టింది, కింద పేరు లేదు. "సంతకం పెట్టకండి. ఊపిరందని కవలబిడ్డను మీరు గంటసేపు గుండెకు హత్తుకుని కూర్చున్న పేజీ దగ్గర, ఇక చదవలేక లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. అలాంటి పుస్తకం వీళ్ల చేతిలో పడకూడదు."

"ఇది మా తమ్ముడి పనేనండీ," అంది నర్సు. "'నీ పురుళ్ల పుస్తకం ఎవడు చదువుతాడక్కా?' అని మొదట్నుంచీ ఎగతాళి చేస్తూనే ఉన్నాడు."

"ఆయన చదివాడా?"

"వాడా! మందు సీసా మీద కాగితం కూడా చదవడు. అయినా చదవడానికి ఏముంది, నాలుగు పుస్తకాలూ వాళ్లకే పంపానుగా. ఇంకో ప్రతి లేదు. ఐదోది నా దగ్గరే ఉంది, అదింకా రాస్తున్నాను."

"ఎలా పంపారు?"

"నాలుగూ కలిపి గాజుగుడ్డ పట్టీతో కట్టాను. కట్టు కట్టినట్టు చదునైన ముడి. దానంతటది ఊడదు. చేతికి అదే అలవాటు."

డిటెక్టివ్ తల ఊపాడు. ఆమె లేచింది గానీ కదల్లేదు.

"డబ్బు సంగతి అటుంచండి. ఆ మొదటి ఉత్తరం వచ్చాక మూడు రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు. నిజంగా ఎవరైనా చదివారా? బాగుందా? నాకది తెలియాలి."

ఆమె వెళ్లాక అసిస్టెంటు ఊరుమీద పడింది. ఏడు పుస్తకాల షాపుల్లో ఆ సంస్థ పుస్తకం ఒక్కటివ్వమని అడిగింది. ఏడుగురూ లేదన్నారు. ఏడో షాపతను మాత్రం నవ్వాడు. "వాళ్ల పుస్తకాలు షాపుల్లో దొరకవమ్మా. రాసినవాళ్ల మంచాల కింద వెతుక్కోవాలి."

మర్నాడు తొమ్మిదిన్నరకు నలుగురూ ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లారు. నర్సు తమ్ముడు కూడా వచ్చాడు. తనకు ఏ పాపమూ తెలియదని మూడు సందుల పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

ముందు గదిలో గోడ నిండా ఫోటోలు. అందరూ తలో పుస్తకం గుండెలకు ఆనించుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూస్తే డిటెక్టివ్‌కి దిగులేసింది. ఒక మూల టైపు చేసే అమ్మాయి కూర్చుంది.

"నర్సుగారి పుస్తకం ఎంతవరకు వచ్చిందమ్మా?"

"సంతకమై డబ్బు కట్టేదాకా ఇక్కడ ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యమండి. నేనింకా దాని మొహమే చూళ్లేదు. ఎడిటర్ గారి గదిలో బీరువాలో ఉంటాయవన్నీ."

ఎడిటర్‌కి యాభై దాటాయి. నోట్లో నాలుక లేని మనిషిలా ఉన్నాడు. ఆయన బీరువా నిండా ఫైళ్లు. ప్రతిదానికీ లాగితే ఊడిపోయే జారుముడి, దానికి రెండు చెవులు, రెండూ కొలిచినట్టు ఒకే పొడుగు. నర్సు పంపిన కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని విప్పారా?"

"లేదండీ. వచ్చింది వచ్చినట్టే ఉంది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

అప్పటికి యజమాని వచ్చాడు. పెళ్లికొడుకులా తయారై ఉన్నాడు. ఒప్పందం కాగితాలు, పెన్ను, మంచినీళ్లు ఒకదాని వెంట ఒకటి ప్రత్యక్షమయ్యాయి.

"పుస్తకం ఎవరు చదివారండీ?" అడిగాడు డిటెక్టివ్.

"స్వయంగా నేనే! ఆ చివరి అధ్యాయం చదివాక మనిషిని మనిషిలా లేననుకోండి."

"చివర్లో ఏమవుతుంది?"

"అబ్బే, చెప్పేస్తే రుచి పోతుంది కదండీ."

డిటెక్టివ్ అందర్నీ కూర్చోమన్నాడు. టైపు అమ్మాయినీ పిలిచాడు. తను కూడా కూర్చున్నాడు, మోకాళ్ల కోసం.

"చివరి అధ్యాయం ఈ ఆఫీసుకి రానేలేదు. అది ఈవిడ దగ్గరే ఉంది, ఇంకా పూర్తి కాలేదు. లేని ముగింపుకి మీరు కంటతడి పెట్టారు." యజమాని ఆ మంచినీళ్లు తనే తాగేశాడు. "డబ్బు తీసుకుని అచ్చేసివ్వడం తప్పు కాదండీ, ఆ మాటే చెప్పి తీసుకుంటే. ఎంతోమందిలోంచి మిమ్మల్ని ఎంచుకున్నామని చెప్పి తీసుకోవడమే మోసం. పుస్తకం బాగుందని నమ్మినవాడు తన డబ్బు పెట్టి, కొనేవాళ్ల దగ్గర రాబట్టుకుంటాడు. మీ పుస్తకం ఒక్క షాపులోనూ లేదు."

"మరి రెండో ఉత్తరం సార్?" అసిస్టెంటు ఆగలేకపోయింది.

"కవలబిడ్డ సంగతి చదివినవాళ్లకే తెలుస్తుంది. ఆ పుస్తకాలు ఈ ఆఫీసులో తప్ప ఎక్కడా లేవు, కాబట్టి తమ్ముడు కాదు. యజమానికి అందులో ఏముందో కూడా తెలియదు. టైపు అమ్మాయి వరకూ అవి రాలేదు. అమ్మా, ఈ ముడి మీరు వేసిందేనా?"

నర్సు కట్ట దగ్గరికి లాక్కుని చూసింది. "కాదండీ. ఇది జారుముడి. రెండు చెవులున్నాయి."

అందరూ బీరువా వైపు చూశారు. ఎడిటర్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"రెండు ఉత్తరాలూ నేనే రాశాను," అన్నాడు. "మొదటిదాన్ని రాశాననకూడదు లెండి. పదకొండేళ్లుగా అదే ఉత్తరం, పేరు మారుస్తానంతే. కట్టలు విప్పను. విప్పితే ఈ ఉద్యోగం చెయ్యలేను. ఇది మాత్రం పట్టీ బాగుందని, నా ఫైలుకి కట్టుకుందామని విప్పాను. ఆ ముడి ఎంతకీ రాలేదు. పంతం పట్టి ఊడదీశాక ఒక పేజీ చూశాను. చూస్తే సాయంత్రమైపోయింది. మెచ్చుకున్న ఉత్తరం అప్పటికే పోస్టులో వెళ్లిపోయింది. పేరు పెట్టే ధైర్యం లేకపోయిందమ్మా. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు?"

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు యజమాని.

"సరేనండీ," అన్నాడు ఎడిటర్. అతని మొహంలో బాధ కంటే అలసటే ఎక్కువ కనిపించింది.

నర్సు ఒప్పందం కాగితాలు పక్కకు తోసేసింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి," అని తమ్ముడు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. ఎడిటర్‌కి ఎదురుగా కుర్చీ జరుపుకుంది. డిటెక్టివ్ ఆ క్షణంలో అక్కడ ఉండకూడదనుకున్నాడు గానీ లేవలేకపోయాడు.

"చదివినవాళ్లు మీరొక్కరే. ఎలా ఉందో నిజం చెప్పండి."

ఎడిటర్ కట్ట అందుకుని, ముడి లాగి విప్పాడు. పదకొండేళ్లలో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మూడో పుస్తకం చాలా బాగుంది. నాలుగోది ఫరవాలేదు. మొదటి రెండింట్లో డాక్టర్లు మిమ్మల్ని ఎంతగా మెచ్చుకున్నారో అదే రాశారు, తల్లులు కనిపించరు. ఓ అరవై పేజీలు తీసెయ్యాలి."

అసిస్టెంటుకి కోపమొచ్చింది, ముసలావిడతో అలాగేనా మాట్లాడేది అని. నర్సు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నబుచ్చుకుని కాదు. తన రాతల్ని మొదటి పేజీ నుంచి చదివిన మనిషి ఒకడు ఎదురుగా ఉన్నాడు. ఆమెకు అంతకంటే సంతోషం ఏ పొగడ్త వల్లా కలగలేదు.

ఒప్పందం మీద సంతకానికని పెట్టిన పెన్ను తీసుకుని, మూత విప్పింది.

"ఏ అరవయ్యో చెప్పండి," అంది.