చావులేని స్విచ్

పాతకాలపు వీడియో గేమ్ మిషన్లు బాగుచేసేవాళ్లకి ఒక అలవాటుంది. ఆట సరిగ్గా నడుస్తోందో లేదో తెలియాలంటే చివరిదాకా ఆడి చూడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకని వెనక తలుపు తీసి, లోపల పచ్చటి సర్క్యూట్ పలక మీద గోరంత స్విచ్ ఒకటుంటే దాన్ని పైకెత్తుతారు. ఇక ఆటలో ఆ బొమ్మకి చావుండదు. పరీక్ష అయ్యాక మర్చిపోకుండా కిందికి దించాలి. దించకపోతే మర్నాడు ఎవడో ఒకడు ఆ మిషన్ ముందు కూర్చుని పొద్దుగూకినా లేవడు.

ముప్పై ఏళ్ల పనిలో మెకానిక్కు ఆ స్విచ్ దించడం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆ రోజు మర్చిపోయాడు. బావమరిదితో కబుర్లలో పడితే ఎవరైనా మర్చిపోతారు మరి.

బావమరిది బోర్డులు రాసే పెయింటరు. అందరూ కుంచె అనే పిలుస్తారు. ఆరు నెలలుగా పనిలేక, నవ్వడం కూడా మానేసి మంచానికి అతుక్కుపోయాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది మెకానిక్కు భార్యే. ఆ పొద్దున ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "చిన్నోణ్ణి మీతో తీసుకెళ్లండి. నాలుగు బోర్డులు రాస్తే మనిషవుతాడు. సాయంత్రానికి మాత్రం నా తమ్ముడు నా ఇంట్లో ఉండాలి" అంది. "మీ తమ్ముణ్ణి నేనేమైనా కొరుక్కుతింటానా?" అన్నాడు మెకానిక్కు.

మ్యూజియం నేలమాళిగలో ఒక పొడుగాటి హాలు. ఎడమ తలుపు తీస్తే పైకి మెట్లు, కుడి తలుపు తీస్తే సామాన్ల గది. కిటికీలు లేవు. మర్నాడే ప్రదర్శన. పేరు 'లోకాన్ని మార్చిన ఆటలు'. గోడ వారగా పదకొండు మిషన్లు. బంతిని అటూ ఇటూ కొట్టుకునేది, ఆకాశంలోంచి శత్రువులు వరసకట్టి దిగేది, ఇటుకలు రాలిపడేది, అన్నీ ఉన్నాయి. వేడెక్కిన దుమ్ము వాసన, ఆరని పెయింటు వాసన కలిసి ముక్కుపుటాలు అదరగొడుతున్నాయి.

"బావా, ఈ ప్రదర్శన పెట్టిన మహానుభావుడు ఏం రాయమన్నాడో చూడు. 'ఓడిపోయాక మళ్లీ మొదలుపెట్టడం మనిషికి ఈ ఆటలే నేర్పాయి.' అంతకుముందు మన తాతలంతా ఒక్కసారి ఓడిపోయి ఊరుకున్నారంటావా?"

"నీకెందుకురా, రాయమన్నది రాయి. అయినా అందులో అబద్ధమేముంది? ఇంకో లైఫ్, పై లెవెల్, గేమ్ ఓవర్... ఈ మాటలన్నీ ఈ పెట్టెల్లోంచే కదా వచ్చాయి. జన్మలో ఆట ఆడనివాడు కూడా పెళ్లాంతో పోట్లాడి గేమ్ ఓవర్ అంటాడు."

"నువ్వు ఎన్నిసార్లన్నావేంటి?"

"మీ అక్క దగ్గర ఆ మాటనే ధైర్యమా నాకు!"

కుంచె పగలబడి నవ్వాడు. ఆరు నెలల తర్వాత ఆ నవ్వు. మెకానిక్కుకి ప్రాణం లేచొచ్చింది.

పదకొండో మిషన్ మీద ఏ పేరూ లేదు. ఎప్పుడో మూసేసిన ఆటల దుకాణం సెల్లారులో దొరికిందట. సందుగొందుల ఆట. ఎర్ర మనిషి, నీలం మనిషి సందుల్లో పరిగెత్తాలి. వెనకాల ఒక నల్లటి ఆకారం వెంటపడుతుంది. ఎడమ అంచు దాటితే కుడి అంచులోంచి వస్తారు. ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు. బొమ్మల్ని నడిపే పుల్లలు రెండు. మెకానిక్కు మొదటి పుల్ల పరీక్షించడానికి ఎర్ర మనిషికి చావులేని స్విచ్ ఎత్తాడు.

"రారా, ఒక ఆట వేద్దాం. నువ్వు ఎరుపు."

ఇద్దరూ చిన్నపిల్లల్లా ఆడారు. అయిదు కావస్తుంటే, "పద, ఇక బయల్దేరదాం. మీ అక్క కాచుక్కూచుంటుంది" అన్నాడు మెకానిక్కు. ఆట నడుస్తుండగానే పుల్లలు వదిలేశారు.

కుంచె ముందు నడిచాడు. ఎడమ తలుపు తీసుకుని బయటికెళ్లాడు.

కుడి తలుపు తెరుచుకుంది. అందులోంచి కుంచె లోపలికొచ్చాడు.

"ఇదేంటి బావా?" అని నవ్వాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ కుడివైపు నుంచే వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

మెకానిక్కు తనే వెళ్లి చూశాడు. తలుపవతల మెట్లు కనిపిస్తున్నాయి. అడుగు వేశాడు. కాలి కింద మెట్టు లేదు. ఎదురుగా అవే పదకొండు మిషన్లు, వెనక సామాన్ల గది చీకటి. ఫోనులో సిగ్నల్ లేదు. అరిచాడు. గొంతు కూడా కుడివైపు నుంచి తిరిగొచ్చింది.

అప్పుడు చూశాడు తెర వైపు. పుల్ల ఎవరూ పట్టుకోలేదు. కుంచె హాల్లో అటు నడిస్తే ఎర్ర మనిషి అటు నడుస్తున్నాడు. తను ఒక అడుగు వెనక్కి వేస్తే నీలం మనిషి వెనక్కి వేశాడు.

నల్లటి ఆకారం సందు మలుపు తిరిగింది.

సామాన్ల గదిలో ఏదో ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు.

"కదలకురా," అని గుసగుసగా అన్నాడు. అంతలోనే వీపు మీదుగా చల్లగా ఏదో వెళ్లింది. తెర మీద నీలం ప్రాణం ఒకటి ఆరిపోయింది. తనకేమీ కాలేదు. చేతులు తడుముకుని చూసుకున్నాడు. పనివాడి బుర్ర కదా, భయంలోనూ లెక్క తేల్చింది. ఆట అయిపోతే తలుపు తెరుచుకోవాలి. ఉన్నచోటే నిలబడ్డాడు. రెండోసారి చల్లగా... మూడోసారి... నీలం ఆట ముగిసింది.

ఎడమ తలుపులోకి కాలు పెట్టాడు. మెట్టు తగిలింది! పైనుంచి మంచి గాలి.

"ఒరేయ్, అంతే! నిలబడు. మూడుసార్లు వెళ్లనీ!"

కుంచె కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆకారం ఎర్ర మనిషిలోంచి దూరి అవతలికి వెళ్లింది. ప్రాణం పోలేదు. మళ్లీ దూరింది. మూడు ప్రాణాలూ అలాగే వెలుగుతున్నాయి.

మెకానిక్కుకి అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్... దించలేదు.

ఇప్పుడు దించినా లాభం లేదు. మిషన్ ఆపి మళ్లీ వేస్తే తప్ప ఆ స్విచ్ మాట అది వినదు.

"బావా, చలిగా ఉంది."

"ఆపెయ్యాలిరా. ఆపి వెయ్యాలి."

"ఆపితే నేనేమవుతాను?"

"నాకేం తెలుసురా..."

"అయితే వద్దు. వద్దు బావా." ఆకారం ఇంకోసారి దూరింది. కుంచె వణికి, నెమ్మదిగా కళ్లు తెరిచాడు. "ఎక్కడికో వెళ్లాలన్నావు. ఎక్కడికి?"

"ఇంటికిరా. మీ అక్క దగ్గరికి."

ఇంకోసారి దూరింది.

"నాకు అక్క ఉందా?"

మెకానిక్కు తెర వైపు చూశాడు. ఇంకొక్కసారి దూరితే ఇంకేం మర్చిపోతాడో! ఒక కాలు మెట్టు మీదే ఉంచి, నేల మీద వైరు అందుకున్నాడు. "నన్ను క్షమించురా," అని లాగేశాడు.

తెర నల్లబడింది.

కుంచె ఊపిరి వినపడలేదు. తర్వాత ఒక అడుగు. ఇంకో అడుగు. కుంచె నడుచుకుంటూ వచ్చి ఎడమ తలుపు దాటాడు. మెట్టెక్కాడు! మెకానిక్కు వాణ్ణి కావలించుకుని పసివాడిలా ఏడ్చాడు. కిందికెళ్లి వైరు కత్తిరించి, ప్లగ్గు జేబులో వేసుకున్నాడు. దారిపొడుగునా వాడి చెయ్యి వదల్లేదు. చెయ్యి మాత్రం చల్లగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. భార్య తమ్ముణ్ణి చూసి, "వచ్చావా నాయనా" అని మొహమంతా నవ్వింది. మెకానిక్కు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఈ రోజు గండం గడిచింది అనుకున్నాడు. వాడు తన ఇంట్లో, తన వాళ్ల మధ్య ఉన్నాడు. మిగతావి నిదానంగా గుర్తొస్తాయి.

లోపలికి వచ్చేసరికి భార్య గొంతు తగ్గించి పిలిచింది.

"ఏవండీ, వీడికేమైంది?"

"ఏమైంది?"

"కూర్చోరా అంటే కూర్చోడు. భుజం పట్టుకుని ఎటు తిప్పితే అటే పోతున్నాడు. గోడ అడ్డొస్తే ఆగి, అక్కడే నిలబడుతున్నాడు. చూడండి."

ఆవిడ తమ్ముడి భుజం పట్టుకుని మెల్లిగా బల్ల వైపు తిప్పింది. వాడు నాలుగడుగులు తిన్నగా నడిచి, బల్లకి తగిలి ఆగాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"అలిసిపోయాడు. వదిలెయ్," అన్నాడు మెకానిక్కు. ఆవిడ చెయ్యి తీసేసింది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

కుంచె ఎడమకి తిరిగాడు.

తిప్పింది ఆవిడ కాదు. ఆయనా కాదు.

హాలు దాటి వీధి తలుపు వైపు నడవసాగాడు. "చిన్నోడా!" అని ఆవిడ అరిచింది. మెకానిక్కు ఒక్క పరుగున వెళ్లి తలుపు మూసి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. జేబులో ప్లగ్గు తొడకి గుచ్చుకుంటోంది. కుంచె వచ్చి ఆయన ఛాతీకి ఆనుకుని ఆగాడు.

"ఒరేయ్, నేనురా. బావనిరా."

వాడు ఆయన మొహంలోకి చూడలేదు. ముందుకి ఒక్క అంగుళం కదల్లేదు. కాళ్లు మాత్రం తెర మీద ఎర్ర మనిషి కాళ్లలా నడుస్తూనే ఉన్నాయి.