అదురు పట్టే వంతెన

“ఇంజిన్ ఆపకండి గవర్రాజు గారూ, నిదానంగా ముందుకు రండి!” అని, ఆ వంతెనను కనిపెట్టిన ఇంజినీరు డాక్టర్ వకుళ మైకులో చెప్పింది.

కాలువకు రెండు గట్ల మీదా జనం కిక్కిరిసి ఉన్నారు. అది 2049వ సంవత్సరం. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే ఒక వంతెన వెయ్యాలని లంకపేట మున్సిపాలిటీ అనుకుంది. వెయ్యాలో వద్దో ఊరే తేల్చాలని ముందుగా కాలువ మీద తాత్కాలికంగా ఒకటి పరిచి ప్రయోగం పెట్టింది. మోటార్ సైకిళ్లను రానివ్వనిది వంతెనే కాదని రిటైరైన బస్సు కండక్టరు గవర్రాజు నెల రోజులుగా వాదిస్తున్నాడు. అందుకే ఆయన్నే బండితో రమ్మన్నారు.

బండి పది అడుగులు వచ్చింది. అంతవరకూ రాయిలా ఉన్న వంతెన దాని చక్రాల కింద మాత్రం పరుపులా మెత్తబడింది. చక్రాలు జానెడు దిగి ఆగిపోయాయి. పక్కనుంచే ఒక టీచరమ్మ సైకిల్ తొక్కుకుంటూ సాఫీగా వెళ్లిపోయింది. జనం ఈలలు వేశారు.

ఆ వంతెన కార్బన్ నారతో నేసిన పొడవాటి పట్టీ. కరెంటు అందితే గట్టిపడుతుంది, తగ్గితే మెత్తబడుతుంది. లోపలి సెన్సర్లు పైనుంచి వచ్చే అదురును కొలుస్తాయి. అడుగుల అదురు ఒక రకం, ఇంజిన్ అదురు మరో రకం. ఇంజిన్ అని తెలిసిందా, ఆ చోట కరెంటు తగ్గిపోతుంది. గేటూ కాపలా ఏవీ అక్కర్లేదు.

బండిని బయటికి లాగాక గట్టు మీదే సభ మొదలైంది.

“ఊరంతా కరెంటు పోతే మేమంతా కాలవలోకేనాండీ?” అన్నాడు గవర్రాజు, ప్యాంటు దులుపుకుంటూ.

“కింద స్టీలు తీగలున్నాయండీ. ఊయలెక్కినట్టు ఉంటుంది, అంతే,” అంది వకుళ.

అప్పుడు నూకరత్నం లేచింది. ముప్ఫై ఏళ్లుగా ఆ రేవులో జనాన్ని పడవ మీద దాటిస్తున్న మనిషి.

“వంతెనొస్తే నా పడవెవరెక్కుతారమ్మా?” అని అడిగింది.

“నాకు తెలీదమ్మా,” అంది వకుళ నిజాయితీగా.

నూకరత్నం గట్టు మీది జనం వైపు తిరిగింది. “వానాకాలం కాలేజీ ఆడపిల్లలు నా పడవ కోసం గంటసేపు తడుస్తూ నిలబడతారు. వాళ్లని చూస్తే నాకే బాధేస్తది. వెయ్యండమ్మా వంతెన,” అంటూ అందరికంటే ముందు తనే చెయ్యెత్తింది. దాంతో గవర్రాజు చెయ్యి కూడా లేచింది.

అసలు వంతెన వేశారు. నూకరత్నం పడవ రేవులో ఖాళీగా ఊగుతూ ఉండిపోయింది.

నాలుగు నెలల తర్వాత గవర్రాజు కొడుకు పెళ్లి. ఊరేగింపు బ్యాండుతో సహా వంతెన ఎక్కింది. నడిమధ్యకు రాగానే పెద్ద డ్రమ్ము వాయిస్తున్నవాడు మోకాళ్ల దాకా దిగబడ్డాడు. వాడి వెనకాలే సన్నాయి, ఆ తర్వాత పెళ్లికొడుకు. డ్రమ్ము అదురును వంతెన ఇంజిన్ అనుకుంది!

“వాయించడం ఆపితే గట్టిపడుతుందండీ!” అని ఎవరో అరిచారు.

“మేళం ఆపి పెళ్లికెళ్తామా? ఓ నూకరత్నం, పడవ తే!” అని కేకేశాడు గవర్రాజు.

పెళ్లికొడుకూ బ్యాండూ పడవలో వెళుతుంటే వంతెన మీద జనం వరసగా నిలబడి పూలు చల్లారు. ఆ ముచ్చట చూసినవాళ్లందరికీ తమ ఇంటి పెళ్లి కూడా అలాగే జరగాలనిపించింది. ఆరు నెలల్లో నూకరత్నం రెండో పడవ కొంది.

డ్రమ్ము సంగతి అప్పటికి తెలిసి వకుళ పరుగున వచ్చింది. “చిన్న లోపమండీ. ఒక్క రోజులో సరిచేసేస్తాను,” అంది.

మళ్లీ సభ పెట్టారు. ఈసారి ఊరంతా ఒక్క మాట మీద ఉంది. “సరిచెయ్యడానికి వీల్లేదు!” అని అందరికంటే గట్టిగా అరిచింది గవర్రాజే. “మీరు కనిపెట్టినవాటిలో మంచిది అదొక్కటేనండీ!”

వకుళ నవ్వాపుకోలేక లాప్‌టాప్ మూసేసింది.

నూకరత్నం దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. “మీ పెళ్లికి మాత్రం ముందే చెప్పండమ్మా. మాఘమాసం అప్పుడే నిండిపోయింది.”