తూకం వెయ్యని ముద్ద

"మాడ్చేశావే! నా తమ్ముణ్ణి తిండికి మాడ్చి మాడ్చి ఈ గతికి తెచ్చావే!"

ఆడపడుచు విసురుగా వంటింట్లోకి వచ్చి, గట్టు మీదున్న చిన్న త్రాసును రెండు చేతులా ఎత్తి పెరట్లోకి గిరాటేసింది. ఇత్తడి పళ్ళెం రాతి పలకకు కొట్టుకుని ఖంగుమంది. ఆ చప్పుడు తన గుండెల్లోనే మోగినట్టయింది ఆ ఇల్లాలికి. గోడకు చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చెప్పిన మాటలు చెవుల్లో ఇంకా హోరెత్తుతూనే ఉన్నాయి. "కడుపులో గడ్డ ముదిరిపోయిందమ్మా. ఒళ్ళు తగ్గింది దానివల్లే. మీరు పెట్టిన తిండి వల్ల కాదు. ఇంటికి తీసుకెళ్ళండి… ఆయన ఏదడిగితే అది పెట్టండి." తిండి వల్ల కాదట! ఎంతమంది డాక్టర్లు చెబితే మాత్రం ఆమె మనసు నమ్ముతుందా?

ఆయన బేకరీలో రొట్టెలు కాల్చే పనివాడు. తెల్లవారక ముందే పొయ్యి దగ్గర నిలబడి మధ్యాహ్నానికి ఇంటికి చేరేవాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది. "రక్తంలో చక్కెర పెరిగింది, ఒళ్ళు తగ్గాలి, కేలరీలు లెక్కపెట్టుకుని తినాలి" అని కిందటేడు వీధి చివరి డాక్టరు చెప్పినప్పుడు ఆమె బెంబేలెత్తిపోయింది. పత్రికల్లో రాసే పళ్ళూ, గింజలూ, చేపలూ వాళ్ళిద్దరి సంపాదనకు అందేవి కావు. అయినా పట్టుదలకొచ్చింది! బజారు కట్టేసే వేళకు వెళ్ళి వంకర క్యారెట్లూ, ఒకవైపు నలిగిన టమాటాలూ, క్యాబేజీ మీంచి వలిచి పారేసే ముదురు రేకులూ ఏరి తెచ్చేది. పెంకు చిట్లిన గుడ్లు బేరమాడేది. పప్పులు నానబోసి మొలకలెత్తించేది. నూనె చెంచాతో కొలిచి వేస్తుంటే ఆయన ఆటపట్టించేవాడు.

"ఏమే, నాకు వంట చేస్తున్నావా, నీ మిషనుకు నూనె వేస్తున్నావా?"

"మిషను నా మాట వింటుందండీ, మీరే వినరు!"

ఆ త్రాసు కూడా బేకరీవాళ్ళు మూలన పడేస్తే ఆయన అడిగి తెచ్చిందే. ఆయనకు మాత్రం దాని అవసరం లేదు. ఏళ్ళ తరబడి పిండి ముద్దలు తుంచిన చెయ్యి! ఏదైనా అరచేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని బరువు చెప్పేవాడు. ఆమె త్రాసులో వేసి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఇద్దరూ పసిపిల్లల్లా నవ్వుకునేవాళ్ళు…

ఆయన ఒళ్ళు తగ్గడం మొదలైంది. ప్యాంట్లు వదులైతే తనే నడుము దగ్గర కుట్టు బిగించింది. మళ్ళీ వదులయ్యాయి. మళ్ళీ బిగించింది. ఎంత సంబరం ఆ పిచ్చితల్లికి! చదువుకోలేదని పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ చిన్నచూపు చూసిన మనిషిని వీధిలో ఆడవాళ్ళంతా "లెక్కలమ్మా, లెక్కలమ్మా" అంటూ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. "తక్కువ ఖర్చుతో అంత ఒళ్ళు ఎలా తగ్గించావమ్మా, మాకూ చెప్పవూ!" అని అడిగేవాళ్ళు. ఆమె మొహం వెలిగిపోయేది. కుట్టు బిగించిన ప్రతిసారీ ఆయన ప్రాణాన్నే కొంచెం కొంచెం కత్తిరిస్తున్నానని తెలుసుకోలేకపోయిందే… కళ్ళుండీ చూడలేకపోయిందే!

"మాట్లాడవేం? వీడు పుట్టినప్పుడు మా అమ్మకు పాలు లేకపోతే నేను చెంచాతో పట్టి పెంచానే! నువ్వు చెంచాతో కొలిచి చంపుతున్నావే!"

"అవును వదినగారూ… నేనే! నా చేతులే! ఈ చేతులు విరిచెయ్యండి!" అంటూ భోరుమంది.

"అక్కా!" పక్కగదిలోంచి నీరసంగా ఒక పిలుపు. ఇద్దరూ పరుగెత్తారు. ఆయన మంచం మీద గోడ ఆనుకుని కూర్చున్నాడు. మనిషి దుప్పటిలో దుప్పటిలా ఉన్నాడు.

"దాన్నేం అనకు అక్కా. అది పెట్టింది నేను తింటే కదా, మాడటానికి!"

ఇద్దరూ తెల్లబోయారు.

"బేకరీ వెనక ఒక కుక్క ఉంది, చూశావా? చర్మం, ఎముకా తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు పీపాలా తయారైంది! లెక్కలమ్మ కేలరీలన్నీ దాని ఒంటికే పట్టాయి." నవ్వబోయి దగ్గాడు. "నాకు ముద్ద దిగడం మానేసి చాలాకాలమైంది. ఇది పొద్దుటి తిండికని కట్టిచ్చిన క్యారేజీ తీసుకెళ్ళి దానికి పెట్టి, కడిగి తెచ్చేవాణ్ణి. ఇంట్లో నీళ్ళతో మింగేవాణ్ణి."

"ఎందుకండీ… ఎందుకు చెప్పలేదు? ఒక్కమాట చెబితే అప్పుడే ఆసుపత్రికి…"

"ఎలా చెప్పమంటావే? ఖాళీ క్యారేజీ చూసి నీ మొహం ఎంత వెలిగేదో నీకేం తెలుసు! పెళ్ళయ్యాక నిన్ను అంత సంతోషంగా నేనెప్పుడు చూశాను? వేడి పొయ్యి దగ్గర పని… అజీర్తే అనుకున్నాను. తగ్గాక చెబుదామనుకున్నాను…"

ఆమె ఆయన పాదాల మీద వాలిపోయింది. ఆడపడుచు గుమ్మంలోనే కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరవాత లేచి పెరట్లోకి వెళ్ళి, వంగిపోయిన ఇత్తడి పళ్ళాన్ని రాతి మీద పెట్టి రోకలితో మెల్లగా తట్టి సరిచేసింది. కడిగి, తుడిచి, త్రాసును మళ్ళీ గట్టు మీద పెట్టింది. ఆ పూట మరదలి కంచంలో అన్నం వడ్డించింది ఆవిడే.

ఆనాటి నుంచీ లెక్క తిరగబడింది. ఏది ఎక్కువ బలమో, ఏది ఒక్క చెంచాలో ప్రాణం నిలుపుతుందో వెతికేది లెక్కలమ్మ. ఎన్నడూ ఇంట్లోకి రానివ్వని వెన్నా చక్కెరా ఆడపడుచు తెస్తే జావలో కలిపేది. ఆయన ఆమె కోసం ఒక చెంచా నోట పెట్టుకునేవాడు. ఒక సాయంత్రం ఆమె చెయ్యి తన అరచేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"చిక్కిపోయావే… తిండి మానకు."

అదే ఆయన వేసిన ఆఖరి తూకం.

కర్మకాండలన్నీ అయ్యాక, ఆయన సామాను తెచ్చుకోవడానికి బేకరీకి వెళ్ళింది. ఆడపడుచు తోడు వచ్చింది. పిండి మరకల నడుంగుడ్డ, చెప్పుల జతా ఇచ్చారు. వెనక గుమ్మంలోంచి బయటికి రాగానే బొద్దుగా ఉన్న ఒక కుక్క తోకాడిస్తూ ఎదురొచ్చింది. ఆ నడుంగుడ్డను వాసన చూసింది. ఆమె వెనకున్న గుమ్మంలోకి తొంగి చూసింది… ఇంకెవరో రావాలన్నట్టు!

"రారమ్మా… ఇంక రారు," అంది ఆమె, నేల మీద చతికిలబడి.

సంచిలోంచి క్యారేజీ తీసింది. పొద్దున ఎందుకో అలవాటుగా కట్టుకొచ్చింది. పప్పన్నం ముద్ద చేసి, తూకం వెయ్యకుండా, చేతికి వచ్చినంత పెట్టింది. కుక్క తింటూంటే దాని వీపు నిమిరింది. నున్నగా, వెచ్చగా, నిండుగా ఉంది ఆ ఒళ్ళు.

"చూశారా వదినగారూ," అంది కళ్ళు తుడుచుకోకుండానే, "మీ తమ్ముడు ఎంత బాగా తిన్నారో!"